ఆఱు గీతల ఫారము



నేను ముప్పదియైదేండ్లు పాఠశాలలలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. చిన్ననాట బందరులో గురువుగారి యింట బాలవ్యాకరణమును, కొంత సంస్కృతమును చదువుకొంటిని. ఇట్టివాడు కంప్యూటరునుగూర్చి ప్రసంగించుటేమని మీలో కొందఱికి తోచవచ్చును. నాకును మొదట నట్లే తోచినది. నన్ను దీనికడకు తెచ్చినది యంత్రముపై మోజు కాదు, ఒక కాగితము. ముందు దాని సంగతి చెప్పెదను.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన యుప్పెనను మీకు నేను వర్ణింపనక్కఱలేదు. మీలో ననేకులు దానిని స్వయముగా చూచినవారు. మూడు నిలువుల యెత్తున సముద్రము లేచి నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతములలోని పల్లెలమీదికి వచ్చినది. మృతులు సుమారు 10,000 మంది యని లెక్క. అపుడు నాకు పదునేడేండ్లు. బందరులో చదువుకొనుచున్న కుఱ్ఱవాండ్రము కొందఱము సహాయమునకై వెళ్లితిమి. నా చేతివ్రాత గుండ్రముగా నుండుటచేత నాకు బియ్యపు మూటలు మోయు పని గాక పేర్లు వ్రాయు పని యొప్పగించిరి. అచ్చు ఫారముల కట్టయొకటి, కలమొకటి చేతికిచ్చిరి. ఫారములో ఇంటి యజమాని మొదలుకొని కుటుంబమువారి పేర్లకు ఆఱు గీతలుండెను.

ఒక కాలువగట్టుమీద కూర్చున్న ముసలమ్మ తన యింటివారి పేర్లు తొమ్మిది చెప్పినది. బ్రదికినవారెవరో, పోయినవారెవరో వేఱుచేయక అందఱను వరుసగా చెప్పినది. ఆఱు పేర్లు గీతలమీద వ్రాసితిని. మిగిలిన మూడింటిని కాగితపు టంచున సన్నని యక్షరములతో నిలువుగా వ్రాసితిని. “మా చిన్నదాని పేరు రాశావా నాయనా?” అని యామె యడిగినది. వ్రాసితినమ్మా యంటిని. మఱునాడు మఱియొకచోట ఆ ఫారములకు శుద్ధప్రతులు తీయుచుండగా చూచితిని. ఆ యింటి శుద్ధప్రతిలో పేర్లాఱే యున్నవి. ఏమని యడిగితిని. “అంచున ఉన్నది ఫారంలోది కాదు” అని వ్రాయువాడు తలయెత్తకయే చెప్పెను. నేను చిన్నవాడను, ఊరకుంటిని.

ఆ ఫారమును కూర్చినవారిది దోషమని నేననను. అచ్చుపనిలో నది తప్పదు. కంపోజిటరు సీసపు టక్షరములను, గీతలను చట్రములో పేర్చి బిగించిన పిమ్మట ఇక మార్పులేదు. వేయి ప్రతులు తీసినను వేయింటిలోను ఆఱే గీతలు. ముగ్గురున్న యింటివారికి మూడు గీతలు వట్టివిగా మిగులును. దానివలన నెవరికిని నష్టము లేదు. తొమ్మండుగురున్న యింటివారి మాట నేను చెప్పితిని.

ఉద్యోగము విడిచిన పిదప నేను గుడివాడలో నుంటిని. దివిసీమలో సముద్రమునకు చేరువనున్న యొక పల్లెలో కొందఱు యువకులు తమ యూరి కుటుంబముల పట్టికను కంప్యూటరులో సిద్ధము చేయదలచిరి. తుఫాను హెచ్చరిక వచ్చినపుడు ఏ యింట వృద్ధులెందఱు, చంటిబిడ్డలెందఱు, నడువలేనివారెవరు అని తెలిసినగాని ఆశ్రయభవనమునకు ఎవరినెవరు తీసికొనిపోవలయునో తేలదు. మన తీరమున నిది వేడుకకు చేయు పని కాదు. 1864 నవంబరు 1వ తేదీన వచ్చిన యుప్పెనలో బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది పోయిరి. పేర్లు తెలుగులో తప్పులేకుండ నుండవలయునని యువకులు నా సాయము కోరిరి. వారు చూపిన నమూనాలో కుటుంబమువారికి ఆఱు గడులున్నవి. “ఆరే ఎందుకోయ్?” అంటిని. “మామూలుగా సరిపోతాయి కదా మాస్టారూ” అనిరి. అంత నేనే యా విద్యను కొంత నేర్చుకొనవలయునని తలచి, గుడివాడలో కంప్యూటరు పాఠములు చెప్పు నా పూర్వశిష్యుని యొద్దకు పోయి బల్లమీద కూర్చుంటిని.

కంప్యూటరు తెఱమీద మనకు కనబడు ఫారమునకు కిటికీ యని పేరు. అందులో పేరు చూపు చీటీ, వ్రాయుటకు గడి, నొక్కుటకు బొత్తాము మొదలగునవి యుండును. వీనినన్నిటిని కంట్రోళ్లందురు, నేను అంగములని చెప్పెదను. 1991లో మైక్రోసాఫ్టువారు విజువల్ బేసిక్కను భాషను వెలువఱచిరి. అంతకుముందు కిటికీలో నొక గడిని నిలుపుటకు చాల వ్రాయవలసి వచ్చెడిది. ఈ భాషలో అంగములను బొమ్మలవలె లాగి కావలసినచోట పెట్టవచ్చును. ఇది గొప్ప సౌకర్యము. అయితే యీ సౌకర్యమే యొక యలవాటును గూడ నేర్పినది. ప్రోగ్రాము వ్రాయువాడు తన గదిలో కూర్చుండి, ఎక్కడి యింటిలోనో ఎందఱుందురో తానే యూహించి, అన్ని గడులు పెట్టి లేచును. అది కంపోజిటరు చట్రమే గదా! అదే భాషకు 2002లో డాట్ నెట్ అనుదానితో క్రొత్త రూపు వచ్చినది. నేను నేర్చినది ఆ రూపమును. ఇక చెప్పబోవునదంతయు దానినిబట్టియే.

ముందుగా గడులను పెట్టకయే, ప్రోగ్రాము నడచుచుండగా అవసరమును బట్టి పుట్టించుట రెండవ మార్గము. వ్యాకరణము చదివినవారికి దీనిని తేలికగా చెప్పవచ్చును. మొదట లేని యక్షరము సంధివేళ వచ్చి నడుమ నిలుచుటను ఆగమమందుము. మా, అమ్మ యను రెండు మాటలు కలిసినపుడు యకారము వచ్చి మాయమ్మ యైనట్లు. ఉన్న యక్షరమును త్రోసి మఱియొకటి దాని చోట కూర్చుండుట ఆదేశము. ఆగమము మిత్రునివంటిదనియు, ఆదేశము శత్రువువంటిదనియు శాస్త్రులు చెప్పుదురు. మనము పుట్టించు క్రొత్తగడి ఆగమము. అది యున్న పేరును దేనిని త్రోయదు.

గడిని పుట్టించుటలో నాలుగు పనులున్నవి. మొదట దానిని కల్పింపవలయును. కల్పింపగానే అది యంత్రపు జ్ఞాపకములో నుండునేగాని తెఱమీద కనబడదు. పిమ్మట దానికి పేరు, కొలత, చోటు నీయవలయును: ఎడమనుండి యెంత, పైనుండి యెంత, వెడల్పెంత. తరువాత దానిని కిటికీయొక్క అంగముల జాబితాలో చేర్పవలయును. ఇది పిల్లవానిని హాజరుపట్టీలో నెక్కించుటవంటిది. పట్టీలో పేరెక్కనివాడు బడిగుమ్మములో నిలిచియున్నను వానికి పిలుపు రాదు. నాలుగవది, ఆ గడిలో మీట నొక్కబడినపుడు ఏ పని జరుగవలయునో ఆ పనిని గడితో ముడివేయుట. చేతితో ముందు పెట్టిన గడులకు ఈ ముడి యప్పుడే పడియుండును. నడుమ పుట్టినదానికి ప్రోగ్రామే వేయవలయును. నేనిది మఱచితిని. గడి చక్కగా వచ్చినది, పేరు వ్రాసిన వ్రాయించుకొన్నది, కాని తన క్రిందికి మఱియొక గడిని పిలువుమన్న పలుకలేదు. రెండు దినములు వెదకితిని. శిష్యుడు వచ్చి చూచి, “పేరు పెట్టారు గాని మాస్టారూ, చెవులు పెట్టలేదండి” అనెను.

ఇరువది గడులున్న ఇరువది పనులు వ్రాయనక్కఱలేదు. ఒక్క పనినే అన్నిటికి ముడివేయవచ్చును. కార్డుమీద పంపినవారి పేరున్నట్లు, మీటవార్త వెంట అది యే గడినుండి వచ్చినదో ఆ గుఱుతు వచ్చును.

చోటు విషయములో నేనొక దెబ్బ తింటిని. తెఱమీద కొలతకు చుక్క ప్రమాణము. ఒక్కొక్క వరుసకు 30 చుక్కల యెత్తు గనుక తొమ్మిదవ వరుస తలనుండి 240 చుక్కల క్రింద నుండవలయునని లెక్క కట్టితిని. ఎనిమిది వరుసలవఱకు బాగుగనే యున్నది. వరుసలు కిటికీలో పట్టక, పైకి జరిపి చూడవలసివచ్చినప్పుడు చిక్కు పుట్టినది. ఎనిమిదవ వరుసకును తొమ్మిదవదానికిని నడుమ పెద్ద ఖాళీ! కారణమేమనగా, క్రొత్త యంగముయొక్క చోటును యంత్రము ఇప్పుడు కంటికి కనబడుచున్న పైయంచునుండి కొలుచును గాని, పైకి జరిగి మఱుగైన తలనుండి కొలువదు. జరిపినంత మేర ఖాళీగా వచ్చును. తలనుండి కొలుచుట మాని, చివరి వరుస యడుగు ఎక్కడనున్నదో అక్కడినుండి కొలిచితిని, చిక్కు తొలగినది. మన వరిమళ్లలో నాటువేయు స్త్రీలు ఎదుటి గట్టును చూడరు, తాము నాటిన వరుసనే చూచి యెడము పట్టుదురు. ఇరువదియేండ్లు డెల్టాలో కాపురముండియు నాకిది ముందు తట్టలేదు.

వరుసలను తీసివేయుటయు కలదు. ఆడపిల్ల యత్తవారింటికి పోవును; వృద్ధులు కాలము చేయుదురు. నడిమి వరుసను తీసినపుడు క్రిందివానిని పైకి జరుపవలయును. గడులకు పేర్లు సంఖ్యనుబట్టి పెట్టినయెడల ఇంకొక మోసమున్నది. ఏడింటిలో నాలుగవది పోగా ఆఱు మిగులును; క్రొత్తదానికి ఆఱునకొకటి చేర్చి ఏడవ గడి యని పేరు పెట్టుదుము. ఏడవ గడి యంతకుముందే యున్నది! కావున పోయినవారి సంఖ్యను మఱల నెవరికి నీయక, ఎప్పుడును ముందుకే లెక్కించుకొనుచు పోవలయును.

ఇక మీటల సంగతి. టైపుయంత్రములో మీటకు అక్షరపు కమ్మి తగిలియుండును. నొక్కగానే అది పోయి కాగితమును కొట్టును. నొక్కుటయు అక్షరము పడుటయు ఒక్కటే పని. కంప్యూటరు మీట యట్టిది కాదు. నన్ను నొక్కిరను వార్తను మాత్రము అది పంపును. దాని యర్థమును వేఱొకరు నిర్ణయింతురు. ప్రోగ్రామునకు చేరు ఆ వార్తలు మూడు. నొక్కినపుడొకటి, అక్షరము తేలినపుడొకటి, వ్రేలు తీసినపుడొకటి. వీనిని కీడౌను, కీప్రెస్సు, కీఅప్పు అందురు. మొదటిది యే మీటయో చెప్పును. బాణపు గుఱుతులవంటి అక్షరములేని మీటలకును అది పుట్టును. రెండవది యే యక్షరమో చెప్పును.

పల్లెలో పట్టిక వ్రాయువాడు ఒక పేరు వ్రాసి ఎంటరు మీట నొక్కగానే క్రింద క్రొత్తగడి రావలయునని మా కోరిక. ఆ పనిని నొక్కిన వార్తకు ముడివేసితిని. నా వ్రేలు ముసలిది, నెమ్మదిగా లేచును. మీటను పట్టియుంచినంతసేపు నొక్కిన వార్త మఱల మఱల వచ్చుచునే యుండును. వదలిన వార్త ఒక్కసారియే వచ్చును. ఒక పేరునకు పదునాలుగు గడులు కురిసినవి. ఒకసారి పని జరిగిన పిమ్మట, వదలిన వార్త వచ్చువఱకు మఱల వినవలదని గుఱుతు పెట్టుకొనుటయే దీనికి మందు. అందులోను నొక చమత్కారమున్నది. క్రొత్తగడి పుట్టగానే వ్రాతకు దానినే సిద్ధము చేయుదుము. కాబట్టి ఎంటరు నొక్కిన వార్త పాతగడికి పోవును. అదే మీటను వదలిన వార్త క్రొత్తగడికి పోవును. గుఱుతును పాతగడియొద్ద దాచినచో అది యెన్నటికిని చెఱగదు. కిటికీయొద్దనే దాచవలయును. గడులకంటె ముందుగా కిటికీయే మీటవార్తలను వినునట్లు చేయు సదుపాయము కలదు, దానిపేరు కీప్రివ్యూ. ఇంటిపెద్ద వీధియరుగుమీద కూర్చుండి వచ్చినవారిని ముందు తానే పలుకరించునట్లు. తాను చేయవలసినది చేసి, వార్తను లోనికి పోనీయక అక్కడనే యాపవచ్చును. ఆపనియెడల, ఒంటివరుస గడికి ఎంటరుతో పనిలేదు గనుక ప్రతి పేరునకును టింగుమని గంట కొట్టును.

యువకుల నమూనాలో ఎంటరు నొక్కిన పట్టికయే ముగిసిపోవుచుండెను. వారు “భద్రపఱచు” అను బొత్తామును ఎంటరు మీటకు స్వభావసిద్ధముగా నియమించిరి. అట్లు నియమించినపుడు ఎంటరు నేరుగా బొత్తామునకే పోవును. గడికి కాదుగదా, అరుగుమీది పెద్దకును వినబడదు. ఆ నియమమును తీసివేసితిమి.

తెలుగు వ్రాతకు వచ్చునప్పటికి నా చదువు కొంత యక్కఱకు వచ్చినది. 1986లో భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖవారు మన దేశభాషలకు ఇన్‌స్క్రిప్టు అను మీటల యమరికను నిర్ణయించిరి. అచ్చులును గుణింతములును ఎడమచేతివైపు, హల్లులు చాలవఱకు కుడిచేతివైపు నుండును. తెలుగులో ‘క’ యున్న మీటయే దేవనాగరిలోను కన్నడములోను ‘క’. వర్ణక్రమము వచ్చినవానికి ఇది మూడునాళ్లలో చేతికి వచ్చును. 1991లో మొదట వెలువడిన యూనికోడు తెలుగునకు 128 స్థానములు కేటాయించినది. సంయుక్తాక్షరములకు అందులో వేఱుగా చోటు లేదు. స్త్రీ యనునది మనకు ఒక్క యక్షరము. యంత్రమునకు సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, ఈకారపు గుణింతము, ఇట్లు ఆఱు గుఱుతులు. ఆఱు మీటలు, ఆఱుసార్లు అక్షరవార్త. గడిలో తుడుపుమీటను నొక్కినపుడు చివరి గుణింతము మాత్రము పోవును; మొత్తము పోవలయునన్న ఆఱుసార్లు నొక్కవలయును.

ఇది తెలియక చేసిన ప్రోగ్రాములు మన పేర్లను ఎట్లు నఱుకునో వినుడు. గడికి 15 అక్షరములకు మించరాదని మితి పెట్టియుండిరి. వేంకటసుబ్బలక్ష్మమ్మ యను పేరు కంటికి ఎనిమిది యక్షరములు. యంత్రపు లెక్కలో పందొమ్మిది. పదునైదింటికి తలుపు మూసిన ఆ తల్లి పేరు ‘వేంకటసుబ్బలక్ష్’ అని పొల్లుతో ఆగిపోయినది. ఇంకొకటి. పేరుగడిలో అంకెలు పడకుండుటకై, అక్షరవార్త వచ్చినపుడెల్ల ఇది అక్షరమా యని యడిగి, కానిదానిని త్రోసివేయు నియమము వ్రాయుదురు. యూనికోడు వర్గీకరణములో హల్లు అక్షరము, గుణింతము అక్షరము కాదు; అది అక్షరమునకు తగులుకొను గుఱుతు. అందుచేత సీత ‘సత’ యైనది, రాముడు ‘రమడ’ యైనాడు. అంకెలను మాత్రము కాదని తక్కినవానినెల్ల రానిచ్చునట్లు నియమమును తిరుగవ్రాసితిమి. మన గుణింతములు పరదేశపు ఘనులను గూడ తికమక పెట్టినవి సుమండీ. 2018 ఫిబ్రవరిలో జ్ఞా యను కూర్పునొకదానిని చూపబోయి ఆపిలువారి ఫోనులలో ప్రోగ్రాములు కుప్పకూలినవి. ఆ నెలలోనే వారు సవరణ విడుదల చేసిరి.

తెఱమీద గడులు పెరిగినంతమాత్రమున పని తీఱదు. దాచు పట్టికలో మొదటి పేరు, రెండవ పేరు అని ఆఱు నిలువు వరుసలున్న, ఏడవ పేరు మఱల అంచుమీదికే పోవును. ఒక్కొక్క మనుష్యుని ఒక్కొక్క అడ్డవరుసగా వ్రాసి, ఇంటిసంఖ్యను ప్రతివరుసకు చేర్చి దాచవలయును. అపుడు ఇంటికి ముగ్గురైనను ముప్పదిమందియైనను ఒక్కటే. భద్రపఱచునపుడు వట్టివరుసలను విడుచుట సహజము. వట్టివరుస యనగా పేరులేనిదని యువకులు వ్రాసిరి. నేను వలదంటిని. బారసాల కానిబిడ్డకు పేరెక్కడిది? వయస్సు చూచుదమన్న, నెలలబిడ్డకు అక్కడ సున్న. పేరులేక, వయస్సు సున్నయైయున్న ఆ వరుసను యంత్రము వట్టిదనుకొని విడుచును. తుఫానునాడు ముందుగా ఎత్తుకొనిపోవలసినది ఆ బిడ్డనే. బంధుత్వము, ఆడమగ, వయస్సు, పేరు ఈ నాలుగింటిలో ఏదియు వ్రాయనిదే వట్టివరుస యనియు, వయస్సులో సున్న వ్రాసిన వ్రాసినట్లే యనియు నియమము మార్చితిమి.

ప్రోగ్రాము కుదిరిన దినమున, పరీక్షకు ఏవైన పేర్లు వ్రాయుమని నన్ను కూర్చుండబెట్టిరి. నలువదియేండ్లు దాటినవి. గీతలమీద వ్రాసిన ఆఱు పేర్లును మఱచితిని. అంచున వ్రాసిన మూడును జ్ఞాపకమున్నవి, వానిని వ్రాసితిని. మూడవదాని పిమ్మట ఎంటరు నొక్కగా నాలుగవ గడి వచ్చినది.